బుధవారం పోసిన నీళ్ళు

ఒక బరువు దించుకుందామని కూర్చున్నాను. మోస్తూ ఎన్నేళ్ళయిందో వేళ్ళు మడిచి చెప్పగలను. చెప్పను. ఆ అంకె చూస్తే నాకే సిగ్గుగా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పలేదు. గుళ్ళో దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. దండం పెట్టుకుంటూ ఆ మాట దగ్గరకు వచ్చేసరికి ఇంకేదో కోరిక కోరుకుని బయటికి వచ్చేస్తాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఆమె పేరు అసలే రాయను. టీచర్ గారు అంటాను. అప్పుడూ అలాగే పిలిచేవాణ్ణి.

నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. అద్దంకిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు. లారీలకు, ట్రాక్టర్లకు వైరింగు, డైనమో, సెల్ఫ్ మోటారు, హారను. గుంటూరు యార్డుకు మిరపకాయల టిక్కీ బస్తాలు మోసే లారీ కింద దూరితే తుమ్ములతోనే సగం పొద్దు గడిచిపోతుంది. పదో తరగతిలో లెక్కలు తప్పి చదువు మానేసినవాణ్ణి. వినుకొండలో ఒక ముసలాయన దగ్గర ఆరేళ్ళు ఉండి పని నేర్చుకున్నాను. ఆయన దగ్గర మీటరు ఉండేది కాదు. కరెంటు వస్తోందా లేదా చూడాలంటే వైరు ఊడదీసి, దాని కొసను బండి ఇనుముకు ఒక్కసారి గీరేవాడు. నిప్పురవ్వ రాలితే కరెంటు ఉన్నట్టు. రాలకపోతే వెనక ఎక్కడో తెగినట్టు.

"రవ్వ పడిందా లేదా, అంతేరా. మీటర్లు చదువుకున్నోళ్ళకి," అనేవాడు.

మా పనిలో అందరమూ అలాగే చేసేవాళ్ళం. నేను ఇంకో మెట్టు పైకెక్కాను. రవ్వ రంగు చూసి బ్యాటరీలో ఎంత బలం ఉందో చెప్పేవాణ్ణి. డ్రైవర్లు నోరు తెరిచి చూసేవాళ్ళు. అది చూసి నేను ఉబ్బిపోయేవాణ్ణి. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఏ బండి తెచ్చినా "నాకు తెలియదు" అనేవాణ్ణి కాదు. ఆ మాట అంటే గిరాకీ పక్క షెడ్డుకు పోతుందని భయం. భయమని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు దాన్ని పనితనం అనుకున్నాను.

ఇక టీచర్ గారు. ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెటూరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. పెళ్ళి కాలేదు. అన్నగారి ఇంట్లోనే ఉండేవారు. ఆయనకు పత్తి వ్యాపారం. చెడ్డవాడేమీ కాదు. చెల్లెలి గురించి ఏ నిర్ణయమైనా తనే తీసుకోవాలని నమ్మే మనిషి, అంతే. ఆమె పద్దెనిమిదేళ్ళు షేర్ ఆటోలో బడికి వెళ్ళొచ్చారు. మా వైపు షేర్ ఆటో అంటే మీకు తెలుసు కదా. ఆరుగురు పట్టేచోట పన్నెండు మంది. ఆమె ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. దిగాలన్నా అంతే. ఎవరూ చూడకపోతే చూసేదాకా నిలబడాలి.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు ఆమె ఒక కారు కొన్నారు. కరెంటు కారు. అప్పటికి మా చుట్టుపక్కల ఎవరూ అలాంటిది చూడలేదు. హైదరాబాదులో ఒక ఆఫీసరు వాడి అమ్మేస్తుంటే, జీతం మీద లోను పెట్టి, అన్నగారు వద్దంటున్నా కొనుక్కుని లారీ మీద తెప్పించుకున్నారు. చిన్న కారు. పిల్లలు దానికి అగ్గిపెట్టె అని పేరు పెట్టారు. చప్పుడు లేదు, పొగ లేదు. మా వీధి కుక్కలు కూడా దాని వెంట పడలేదు, అది బండేనని వాటికి నమ్మకం కుదరక.

ఆమె ఆ కారే ఎందుకు కొన్నారో చెప్పాలి. దానికి క్లచ్ లేదు, గేర్లు లేవు. ఎడమ కాలితో పని లేదు. కుడి కాలు ఒక్కటి ఉంటే చాలు. ఆ రోజుల్లో ఆమె నడపగలిగిన కారు మాకు తెలిసి అదొక్కటే. ఇంట్లో ప్లగ్గుకు పెట్టి చార్జింగ్ చేసుకోవాలి. సీటు కింద ఎనిమిది బ్యాటరీలు. ఒక్కోదానికి మూడు మూతలు. మొత్తం ఇరవై నాలుగు మూతలు తీసి వారం వారం డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ప్రతి ఆదివారం ఆమె చిన్న స్టూలు వేసుకుని, గరాటు పట్టుకుని పోసేవారు. ఆ పూజ అయితే గానీ మా చెల్లెలు టిఫిన్ కూడా తినదయ్యా అని అన్నగారు నాతో ఒకసారి నవ్వుతూ అన్నారు. ఆ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకున్నాను, వాడుకున్నాను కూడా.

కారు కొన్న కొత్తలో హెడ్‌లైటు బల్బు మార్చమని నా షెడ్డుకు వచ్చారు. బల్బు మారుస్తుంటే సీట్లో కూర్చునే చెప్పారు. "మొన్న మేదరమెట్ల దాకా వెళ్ళి చెరకు రసం తాగి వచ్చానండీ. పనేమీ లేదు. ఊరికే వెళ్ళాను." అందులో అంత సంతోషించడానికి ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను ఎప్పుడంటే అప్పుడు మేదరమెట్ల వెళ్ళగలిగే మనిషిని. ఇంకొకరి చెయ్యి కోసం చూడకుండా, ఇంట్లో చెప్పకుండా, పని లేకుండా ఒక ఊరు వెళ్ళి రావడం ఆమెకు నలభయ్యో ఏట దొరికింది. రెండేళ్ళ కంటే కొంచెం ఎక్కువ కాలం ఉంది. దాన్ని నేను తీసేశాను.

ఎలా తీసేశానో రాస్తాను.

వేసవి సెలవులు అయి బళ్ళు తెరిచారు. జూలై అనుకుంటాను, ఒక పొద్దున కారు కదల్లేదు. ఆమె ఆటోలో బడికి వెళ్ళిపోయారు. అన్నగారు నాకు ఫోన్ చేశారు. నేను సామాన్ల సంచి తీసుకుని వెళ్ళాను. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని ఫోన్లో పత్తి రేట్లు మాట్లాడుతున్నారు. చేత్తోనే కారు ఉన్న షెడ్డు చూపించారు. తాళం తిప్పాను. ఏమీ లేదు. ముందు మూత తీశాను. లోపల ఒక ఇనుప డబ్బా, దానికి నా బొటనవేలంత లావు వైర్లు. దాన్ని కంట్రోలర్ అంటారని తర్వాత తెలిసింది. బ్యాటరీల కరెంటును మోటారుకు కొలిచి ఇచ్చేది అదే. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, నాకేమీ తెలియదని. ఆ మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను.

ఎందుకు మింగానో ఎన్నిసార్లు అడుక్కున్నానో. గిరాకీ పోతుందనా? ఊళ్ళో ఉన్నదే ఒక్క కరెంటు కారు, దాని గిరాకీ పోతే నాకేం నష్టం? వరండాలో కూర్చున్న పెద్దమనిషి ముందు చిన్నబోతాననా? ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. అలవాటు. అంతకంటే గొప్ప కారణం నాకు ఇవాళ్టిదాకా దొరకలేదు.

ఒక వైరు విప్పాను. విప్పి, చేతికి వచ్చినట్టు, పాతికేళ్ళ నుంచి చేస్తున్నట్టు, పక్కనున్న ఇనుముకు గీరాను. లారీలో పన్నెండు వోల్టులు, మహా అయితే ఇరవై నాలుగు. ఇక్కడ ఎనిమిది బ్యాటరీలూ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉన్నాయి. పైగా ఆ ఇనుము ఉత్త ఇనుము కాదు, డబ్బాకు కరెంటు తిరిగొచ్చే కొస. రవ్వ రాలలేదు. టప్పున పేలింది. వైరు కొస కరిగి నల్లబడింది. డబ్బాలోంచి సన్నగా పొగ వచ్చి, ప్లాస్టిక్ కాలిన వాసన కొట్టింది. నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఏందయ్యా ఆ వాసన?" వరండాలోంచి అడిగారు.

"ఏం లేదండీ. లోపల ముందే కాలిపోయి ఉంది. మూత తీశాను కదా, వాసన బయటికొచ్చింది."

ఆలోచించి చెప్పిన మాట కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆయన మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయారు. అబద్ధాన్ని అంత తేలిగ్గా నమ్మేస్తారని తెలిసి ఉంటే ఆరోజు భయపడి నిజం చెప్పేవాణ్ణేమో. లేదు. ఇది కూడా నన్ను నేను మంచివాణ్ణి చేసుకునే మాటే. కొట్టెయ్యండి.

ఇప్పుడు కారు ఎందుకు పాడైందో ఒక కారణం కావాలి. కారణం కోసం సీటు ఎత్తాను. పై రేకు తీశాను. ఎనిమిది బ్యాటరీలు. వెనక మూలనున్న దాని దగ్గర టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. వైరు బిగింపు మీద వేలు పెడితే కదిలింది. అంతే. అదే జబ్బు. బిగింపు వదులై కరెంటు ఒకసారి తగిలి ఒకసారి తగలక కారు ఆగిపోయింది. లారీకైతే రోజుకు రెండుసార్లు చూస్తాను ఇది. వేడినీళ్ళు పోసి, బ్రష్షుతో గీకి, బిగించి, గ్రీజు రాస్తాం. పది నిమిషాల పని. దానికి డబ్బులు కూడా అడగం, టీ తాగించమంటాం. మరి ఇక్కడ ముందు అక్కడెందుకు చూడలేదు? కంపెనీ కారు, ఖరీదైన కారు, దానికి వచ్చే జబ్బు కూడా పెద్దదే అయి ఉంటుందనుకున్నాను. ఆ మూలను టీచర్ గారు చూడలేరు. ఆమె స్టూలు మీద కూర్చుని గరాటు పెడితే మూతలు అందుతాయి గానీ, వంగి రేకు తీసి ఆ మూల చూడాలంటే కాలు సహకరించదు. దాన్ని చూడాల్సింది కంపెనీ మనిషి. అతను హైదరాబాదు నుంచి రెండుసార్లు వచ్చి, తర్వాత రావడం మానేశాడు.

పొడి తుడిచేశాను. బిగించేశాను. రేకు మూసేశాను. ఇక అక్కడ ఎవరు చూసినా నా తప్పు తప్ప ఇంకేమీ లేదు, అదీ కనపడదు.

ఫోన్ అయ్యాక అన్నగారు వచ్చి నిలబడ్డారు. కంట్రోలర్ పోయిందని చెప్పాను. ఎందుకు పోయిందని అడిగారు. అక్కడ ఆ పూజ మాట వాడుకున్నాను. బ్యాటరీల్లో నీళ్ళు తక్కువైనట్టున్నాయండీ, అవి వేడెక్కి లోడు మొత్తం డబ్బా మీద పడింది, బ్యాటరీలు కూడా దెబ్బతినే ఉంటాయి అన్నాను. ఆ మాటలకు అర్థం లేదు. ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. కానీ వినడానికి బాగున్నాయి. "నేను ముందే చెప్పానయ్యా, దానివల్ల కాదని," అన్నారాయన. 'దానివల్ల' అంటే కారు గురించి కాదు. చెల్లెలి గురించి.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఊహించలేదు అంటే తప్పు తగ్గదని తెలుసు. అన్నగారు హైదరాబాదులో కారు డీలరుకు ఫోన్ చేసి, నేను చెప్పినట్టే చెప్పారు. నీళ్ళు తగ్గాయి, బ్యాటరీలు వేడెక్కాయి, డబ్బా కాలింది. వాళ్ళు అలా అయితే కంట్రోలరుతో పాటు బ్యాటరీలన్నీ మార్చాలి, వాడిన వాళ్ళ తప్పు కాబట్టి కంపెనీ ఏమీ ఇవ్వదు, కారును లారీ మీద ఎక్కించి పంపండి అన్నారు. సామాను బెంగళూరు నుంచి రావాలి. మొత్తం ఖర్చు విన్నాక అన్నగారు ఫోన్ పెట్టేసి, ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్ పెట్రోలు కారు వస్తుందన్నారు. వస్తుంది. దానికి క్లచ్ ఉంటుంది.

కంట్రోలర్ ఒక్కటే అయితే ఆమె ఎలాగో తెచ్చుకునేవారు. మొదటి లోను ఇంకా తీరకపోయినా ఏదో చేసేవారు. బ్యాటరీలు బాగానే ఉన్నాయి. వాటిని చంపింది నా నోరు. నేను చేతితో చేసిన తప్పు సగం. మిగతా సగం, పెద్ద సగం, మాటతో చేశాను.

ఇంత వరకూ చేసింది భయంతో చేశానని అనుకోవచ్చు. ఇక్కడి నుంచి ఆ మాట చెల్లదు.

పది పదిహేను రోజుల తర్వాత, ఒక సాయంత్రం బడి వదిలాక, టీచర్ గారు నా షెడ్డు ముందు ఆటో దిగారు. దిగడానికి పక్కన కూర్చున్న ఆవిడ చెయ్యిచ్చింది. సంచిలోంచి ఒక పొడుగు నోటుబుక్కు తీశారు. నేను స్టూలు తుడిచి వేశాను. కూర్చున్నారు. బుక్కు తెరిచి నా ముందు పెట్టారు. స్కేలుతో గీసిన గడులు. తేదీ. ఆ రోజు తిరిగిన కిలోమీటర్లు. ఎన్ని గంటలు చార్జింగ్, మధ్యలో కరెంటు ఎంతసేపు పోయింది. చివరి గడిలో నీళ్ళు. కారు కొన్న రోజు నుంచి ఒక్క రోజు వదల్లేదు. అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి.

"ఇందులో నా తప్పు ఎక్కడుందో చూపిస్తారా అండీ?"

నేను ఆ గడుల వైపు వంగాను.

"నేను నాలుగుసార్లు చూసుకున్నాను. నాకు కనపడలేదు. అన్నయ్య నీళ్ళ దగ్గరే పొరపాటంటున్నాడు. మీరు చూసి చెప్పారట కదా. తప్పు నాదైతే నాదే, నాకేం బాధ లేదు. కానీ ఏ స్టెప్పులో చేశానో తెలియాలి. తెలియకపోతే నిద్ర పట్టట్లేదు."

కోపంతో వచ్చి ఉంటే బాగుండేది. నన్ను అనుమానించి వచ్చినా బాగుండేది. ఆమె నన్ను నమ్మి వచ్చారు. పదో తరగతి లెక్కలు తప్పినవాడి ముందు లెక్కల టీచరు తన నోటుబుక్కు పెట్టి దిద్దమని అడిగారు. ఒక్క మాట చాలు. టీచర్ గారూ, ఇందులో తప్పు లేదండీ. ఆ మాట అన్నా నేను చేసింది బయటపడాలని లేదు. తప్పు ఎవరిదో తెలియదు, మిషను కదా, పోయింది అంటే సరిపోయేది. అది కూడా అనలేకపోయాను. ఎందుకంటే ఆమె తప్పు లేకపోతే మరి ఎవరిదని ఆమె తప్పకుండా అడుగుతారు. లెక్కలు చెప్పే మనిషి. అక్కడితో ఆగరు.

పేజీలు తిప్పాను. చదవడం లేదు, వెతుకుతున్నాను. నీళ్ళ గడిలో అన్నీ ఆదివారాలే. ఏప్రిల్ పేజీలో ఒకచోట మాత్రం బుధవారం ఉంది.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఆ వారం ఒంగోలులో స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ వేశారండీ. పదో తరగతి పేపర్లు దిద్దడానికి. అక్కడే ఉండిపోయాను. బుధవారం ఇంటికి రాగానే పోశాను. మూడు రోజులే కదా అనుకున్నాను."

నేను ఆ గడి మీద వేలు పెట్టాను. గ్రీజు వేలు. మచ్చ పడింది.

"ఇదేనండీ. అక్కడ మొదలై ఉంటుంది."

ఆమె ఆ గడిలో తేదీ మళ్ళీ చదువుకున్నారు. తర్వాత తల ఊపారు.

"అవునండీ. అదే అయి ఉంటుంది. నేనే తేలిగ్గా తీసుకున్నాను."

ఆమె ముఖంలో బాధతో పాటు ఇంకేదో కనపడింది. జవాబు దొరికిన ఊరట అది. థాంక్సండీ అన్నారు. నాకు థాంక్స్ చెప్పి, బుక్కు సంచిలో పెట్టుకుని, లేచి, రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డారు. రెండు ఆటోలు ఆగకుండా పోయాయి. నేను షెడ్డులోంచి చూస్తూనే ఉన్నాను. మూడో ఆటోలో ఎవరో చెయ్యందించి ఎక్కించుకున్నారు. నాకు పదడుగుల దూరం. నేను వెళ్ళి చెయ్యి ఇవ్వలేదు. ఆ చేత్తో ఎలా ఇస్తాను?

ఏప్రిల్‌లో మూడు రోజులు ఆలస్యంగా నీళ్ళు పోస్తే జూలైలో కంట్రోలర్ కాలదు. ఇది మా పని తెలిసిన ఎవరైనా చెబుతారు. మూడు రోజులకు నీళ్ళు చెంచాడు కూడా తగ్గవు. ఆమెకు ఆ మాట చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఊళ్ళో ఆ కారు గురించి తెలిసినవాడంటే నేనే.

ఒకసారి టెలిఫోన్ బూత్‌కు వెళ్ళి ఆ డీలరుకు నేనే ఫోన్ చేశాను. కంట్రోలర్ ఒక్కటే అయితే ఎంత అని అడిగాను. నా షెడ్డు అద్దె, ఇంటి ఖర్చు అన్నీ ఆపినా నాలుగైదు నెలల సంపాదన. ఫోన్ పెట్టేశాను. అప్పు చేయవచ్చు. బావమరిదిని అడగవచ్చు. ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పను? ఆ తర్వాత రెండు నెలలు, ఈ వారం చెబుతాను, వచ్చే వారం చెబుతాను అనుకున్నాను. వారాలు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెరుగుతూ పోయింది. మొదటి రోజైతే చెయ్యి జారిందని చెబితే సరిపోయేది. నోటుబుక్కు తర్వాత అయితే చెయ్యి జారింది, అబద్ధం ఆడాను, మీ మీద వేశాను, మీ లెక్కను తప్పని దిద్దాను అని చెప్పాలి. అంత నోరు నాకు లేదు.

కారు మీద పరదా కప్పారు. ఏడాదిన్నర అలాగే ఉంది. టీచర్ గారు ఆటోలోనే తిరిగారు. ఆ తర్వాత ఆటో ప్రయాణం ఓపిక లేక పల్లె బడి వదిలేసి, బదిలీ పెట్టుకుని ఊళ్ళోని గర్ల్స్ హైస్కూలుకు వచ్చేశారు. ఇంటికి నాలుగు సందుల దూరం. ఆ పల్లెలో పిల్లలకు ఆమె సాయంత్రాలు కూడా ఉండి లెక్కలు చెప్పేవారని తర్వాత తెలిసింది. కారు ఉంది కాబట్టి చీకటి పడినా ఇంటికి రాగలిగేవారు. ఆ పిల్లల్లో ఎవరైనా నాలాగే లెక్కల దగ్గర ఆగిపోయారేమో. నాకు తెలియదు. తెలుసుకోలేదు.

చివరికి అన్నగారు నన్నే పిలిచి, దీన్ని తుక్కు కింద ఎవరికైనా ఇప్పించయ్యా అన్నారు. ఇప్పించాను. మధ్యలో నాకు రావాల్సిన కమీషన్ ఉంటుంది కదా. వద్దని చెప్పలేదు. తీసుకున్నాను. టీచర్ గారు గుమ్మం దగ్గర నిలబడి తుక్కు లారీ వెళ్ళేదాకా చూశారు. నన్ను చూసి, "పాపం, మీరు అప్పుడే చెప్పారు," అన్నారు. నేను తల వంచుకుని తాళ్ళు బిగించాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను మరిచిపోయేవాణ్ణి. నిజంగా. మనిషి మరిచిపోగలడు. అంతకంటే పెద్దవి మరిచిపోయినవాళ్ళను చూశాను.

మా అమ్మాయి గర్ల్స్ హైస్కూల్లో పదో తరగతికి వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చున్నాం. గోంగూర కలుపుకుంటూ అది మొదలుపెట్టింది.

"నాన్నా, మా లెక్కల టీచరుకి కారుండేదంట. కరెంటు కారంట."

"ఊఁ."

"ప్రతి ఆదివారం దాంట్లో నీళ్ళు పొయ్యాలంట. ఒక్క వారం బుధవారం పోసిందంట. అంతే, కారు మొత్తం పోయింది. అందుకే లెక్కలో ఒక్క స్టెప్పు కూడా వదలగూడదు, తర్వాత చేద్దాంలే అనుకోగూడదు అని చెప్పింది. ప్రతి సంవత్సరం టెన్త్ పిల్లలకి ఇది చెబుద్దంట. సీనియర్లు కూడా చెప్పారు. బుధవారం నీళ్ళు అంటే మా బళ్ళో అందరికీ తెలుసు. ఎవరన్నా స్టెప్పు మర్చిపోతే, ఏమ్మా, బుధవారం నీళ్ళా అంటది."

మా ఆవిడ నవ్వింది. నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను.

"నువ్వు బళ్ళ పని చేస్తావుగా నాన్నా. అట్టాంటి కారు ఎప్పుడన్నా చూశావా?"

"లేదమ్మా," అన్నాను.

ఒకే ఒక్క మాట. ఎంత తేలిగ్గా వచ్చిందో. మొదటి రోజు వరండా ముందు వచ్చినట్టే వచ్చింది. కంచంలో అన్నం వదిలేశాను. నీళ్ళు తాగి లేచిపోయాను. ఆమె ఆ అబద్ధాన్ని అవమానంగా లోపల దాచుకుని ఉంటారనుకున్నాను ఇన్నాళ్ళూ. దాచుకోలేదు. దాన్ని కడిగి, శుభ్రం చేసి, పిల్లలకు పనికొచ్చేలా చేసి, ఏటా పంచుతున్నారు. నా కూతురికి కూడా పంచారు. అది ఆ ఏడు లెక్కల్లో మంచి మార్కులతో పాసైంది. స్టెప్పులు వదల్లేదు.

ఇప్పుడు ఊరంతా బ్యాటరీ బళ్ళే. స్కూటర్లు, ఆటోలు, కార్లు. నా దగ్గరకు తెస్తారు. నాకు మీటరు ఉంది. వైరు గీరడం ఆ జూలై తర్వాత మళ్ళీ చేయలేదు. తెలియనిది తెలియదని చెబుతాను. ఏ బండి వచ్చినా ముందు సీటు ఎత్తి బిగింపులు చూస్తాను. నన్ను జాగ్రత్త గల మనిషి అంటారు. అలా అన్నప్పుడల్లా వంగి ఇంకో బిగింపు చూస్తాను.

టీచర్ గారు రిటైరై, నా షెడ్డుకు దగ్గర్లోనే, ఇంట్లో ఉంటున్నారు. నాలుగు సందుల దూరం. మూడుసార్లు బయల్దేరాను. ఒకసారి గేటు దాకా వెళ్ళాను. వరండాలో కూర్చుని ఎవరో పిల్లకు లెక్క చెబుతున్నారు. చెబితే ఏమొస్తుంది? కారు రాదు. మేదరమెట్ల చెరకు రసం రాదు. ఆ పల్లె పిల్లల సాయంత్రాలు రావు. ఇన్నేళ్ళు ఆటోల దగ్గర చెయ్యి కోసం నిలబడిన గంటలు రావు. ఒక్క బుధవారం మాత్రం ఆమెకు తిరిగొస్తుంది. అదైనా ఇవ్వాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని వెనక్కి వచ్చేశాను. నా కాళ్ళు రెండూ బాగున్నాయి. అయినా ఆ గేటు దాటలేకపోయాను.

ఇంకొక్కటి ఉంది. పైన రాసేటప్పుడు దాటేశాను. చూశారా, ఒప్పుకుంటానని కూర్చుని కూడా దాచాను.

ఆ రోజు సీటు ఎత్తినప్పుడు నేను బిగింపు ఒక్కటే చూసి మూసేయలేదు. నీళ్ళు తక్కువగా ఉంటే బాగుండును, అప్పుడు చెప్పేది అబద్ధం కాకుండా పోతుందని ఆశపడి, మూతలు కూడా తీశాను. ఒక్కొక్కటీ తీసి టార్చి వేసి చూశాను. ఎనిమిది బ్యాటరీలు. ఇరవై నాలుగు మూతలు. అన్నిటిలోనూ నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. ఒక్కదానిలో కూడా పైన లేవు, కింద లేవు. మూతలన్నీ మళ్ళీ పెట్టేసి, చేతులు తుడుచుకుని, వరండా ముందుకు వెళ్ళి, నీళ్ళు తక్కువయ్యాయండీ అన్నాను.

టీచర్ గారూ, మీ లెక్క కరెక్టండీ.